ఇంకొక్క గుక్క పెట్రోలు

ఆ ఉదయానికి చిన్నమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి లెక్కల మాస్టారి కారు ఆయనకు అప్పగించాలి. సాయంత్రం దాకా అది తిరిగి రాకూడదు. సాయంత్రం నాన్న చేతిలోంచి షెడ్డు తాళాలు తీసుకోవాలి. ఈ మూడింటిలో మొదటిది అనుకున్నట్టే జరిగింది. రెండోది ఇరవై నిమిషాల పాటు జరిగింది.

షెడ్డు ఆమె తండ్రిది. ఊళ్లో అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడంటే, లోపల ఏ బోల్టుకు ఏ బోల్టుతో పడటం లేదో చెప్పేసేవాడు. ఒకసారి మూడు వీధుల అవతల వస్తున్న బండి చప్పుడు విని, దాని డ్రైవరు పొద్దున్నే పెళ్లాంతో పోట్లాడి వచ్చాడని చెప్పాడట. ఇందులో కొంత అబద్ధం ఉంది. రెండు వీధులే.

అయితే కాలం మారింది. కొత్త బండ్లలో చప్పుడు చేసే భాగాలు తగ్గి, ఫిర్యాదు చేసే భాగాలు పెరిగాయి. మూలకొక సెన్సరు. అవి మేస్త్రి చెవిలో ఏమీ చెప్పవు. చిన్నమ్మాయి చేతిలోని స్కానరుకు మాత్రం కడుపులో ఉన్నదంతా వెళ్లగక్కుతాయి. ఆ విద్య ఆమె మూడేళ్లు కూర్చుని నేర్చుకుంది. మేస్త్రి మోకాళ్లు ఇక వంగమని మొరాయిస్తున్నాయి కనుక షెడ్డు ఆమె చేతికే రావాలి. మధ్యలో పెద్దల్లుడు ఉన్నాడు.

పెద్దల్లుడి ఆలోచన వేరు. పనిముట్లన్నీ అమ్మేసి, షెడ్డును కార్లు కడిగే చోటుగా మార్చాలని ఆయన ఉబలాటం. చిన్నమ్మాయి ఏదో బండి కింద పడుకుని ఉన్నప్పుడల్లా టేపు పట్టుకుని గోడలు కొలిచేవాడు. ఒకసారి ఆమె కాళ్లు కూడా కలిపి కొలిచాడు.

"మావయ్యా, కడిగిన కారు మళ్లీ మురికవుతుంది. అయిందని ఎవడూ మనల్ని తిట్టడు. బాగుచేసిన కారు మళ్లీ చెడితే ఊరంతా తిడుతుంది. మీరే ఆలోచించండి" అనేవాడు.

మేస్త్రికి ఆ మాట గట్టిగా తగిలింది. ఎందుకంటే అప్పటికే లెక్కల మాస్టారి కారు నాలుగుసార్లు బాగుపడి నాలుగుసార్లు చెడింది.

మాస్టారు ముప్ఫై ఆరేళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్లో సగం మంది ఆయన శిష్యులు, మిగతా సగం ఆయన దెబ్బలు తప్పించుకున్నవాళ్లు. ఆయన కారు ఒక్కోరోజు ఉన్నట్టుండి ఆగిపోయేది. అద్దం కింద ఇంజను బొమ్మ పసుపు రంగులో వెలిగేది. తాళం తిప్పితే దగ్గేది, నల్లగా పొగ కక్కేది, కదిలేది కాదు.

మొదటిసారి స్కానరు పెడితే, ఇంజనులోకి గాలి తక్కువగా, పెట్రోలు ఎక్కువగా పోతోందని చెప్పింది. ఆ సంగతి కనిపెట్టి చెప్పేది పొగగొట్టంలో కూర్చుని వాసన చూసే సెన్సరు. దానికే మతి పోయిందనుకుని చిన్నమ్మాయి కొత్తది బిగించింది. బండి పొద్దున నడుచుకుంటూ వెళ్లి సాయంత్రం తాడు కట్టించుకుని వచ్చింది. రెండోసారి గాలిని కొలిచే సెన్సరు మార్చింది. ఫలితం అదే. మూడోసారి మేస్త్రి స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని, ట్యాంకులో పంపు మూలుగుతోందన్నాడు. పంపు మార్చారు. కొత్త పంపు మూలగలేదు, బండి మాత్రం ఆగింది.

నాలుగోసారి పెద్దల్లుడు రంగంలోకి దిగాడు. పెట్రోలులో నీళ్లు కలిశాయని తేల్చి, ట్యాంకు మొత్తం ఖాళీ చేయించి, కడిగించి, అడుగున నాలుగు లీటర్లు పోయించి పంపాడు. ఆయనకు తెలిసిన వైద్యం కడగడం ఒక్కటే. ఆ దెబ్బతో కారు ఎనిమిది రోజులు గుర్రంలా తిరిగింది. ఆ ఎనిమిది రోజులూ ఆయన ఇంట్లో కూడా కాలరు ఎత్తుకునే తిరిగాడు. తొమ్మిదో రోజు బండి ఆగితే, తన వైద్యం వారం వారం చేయించుకోవాల్సినదన్నాడు.

ఇక మేస్త్రి ఒక మాట అనేశాడు.

"చిన్నమ్మాయ్, ఈ బండి మళ్లీ మన గుమ్మం ఎక్కకుండా ఒక్కరోజు నడిపించు. షెడ్డు నీది. ఎక్కిందా, మీ బావ ఇష్టం."

ఐదోసారి ఆమె ఏదీ మార్చలేదు. ఇంజనులోకి పెట్రోలు చిమ్మే సన్నటి ముక్కులను విప్పి, ఒక్కొక్కదాన్ని పసిబిడ్డ ముక్కులా శుభ్రం చేసి బిగించింది. ఆ ఉదయం ఇరవై ఒక్కసార్లు తాళం తిప్పితే బండి ఇరవై ఒక్కసార్లు అందుకుంది. మాస్టారు భార్యను, అత్తగారిని, బావమరిదిని ఎక్కించుకుని, మైలేజీ సరిచూసుకుని ఫోను చేస్తానని చెప్పి వెళ్లారు. ఆ మాట ఆయన వెనకటి సార్లు కూడా చెప్పారు. ఎవరూ పట్టించుకోలేదు. చెవి మేస్త్రి చెవి కూడా దాన్ని వదిలేసింది.

ఇరవై నిమిషాలకు ఫోను వచ్చింది. పెట్రోలు బంకులో ఆగిపోయింది, ఇంజను బొమ్మ వెలుగుతోంది, వెనక ఉన్నవాళ్లు హారన్లు కొడుతున్నారు. ఇదీ దాని సారాంశం.

పెద్దల్లుడు ఎక్కడలేని ప్రేమ ఒలకబోశాడు. పాపం మాస్టారు పెద్దవారు, ఎండలో నిలబెట్టడం ఏం మర్యాద అంటూ క్రేనుకు ఫోను చేసి, కారును ఎత్తుకుని నేరుగా షెడ్డుకు తీసుకురమ్మని పురమాయించాడు. షెడ్డుకు వస్తే పందెం ముగిసినట్టే. చిన్నమ్మాయి స్కానరు సంచీలో వేసుకుని తండ్రి స్కూటరు తీసింది. మేస్త్రి మొహం పక్కకు తిప్పుకున్నాడు గాని, స్కూటరు తాళం ముందే ఆమె చేతికి అందే చోట పెట్టి ఉంచాడు.

బంకులో అప్పటికే వైద్యులు గుమిగూడారు. ఆగిపోయిన కారు చుట్టూ నలుగురు మగవాళ్లు నిలబడితే అందులో ఐదుగురు మెకానిక్కులుంటారు. ఒకాయన బ్యాటరీ అన్నాడు, ఒకాయన ప్లగ్గులన్నాడు, ఇంకొకాయన ఏమీ అనకుండా టైరును రెండుసార్లు తన్ని తల పంకించాడు. చిన్నమ్మాయి అందరినీ తప్పుకోమని స్కానరు తగిలించింది. అదే జవాబు: గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. యాక్సిలరేటరు నేలకంటా తొక్కిపట్టి తాళం తిప్పింది. ఇంజను దగ్గి, తుమ్మి, ఒక నల్లటి మబ్బును వదిలి అందుకుంది. టైరును తన్నినాయన తన తన్ను పనిచేసిందని పక్కవాడికి చెప్పాడు.

ఆమె ఊపిరి పీల్చుకునేలోపే మాస్టారు తన మైలేజీ లెక్కల నోటుబుక్కు తెరిచి, ఇంజను ఆపేయమన్నారు.

ఇప్పుడు స్టార్టు చేయడంలో కొంత పెట్రోలు ఖర్చయింది. అంటే ట్యాంకులో అంచు దిగింది. అంచు దిగితే ఈరోజు లెక్క చెడినట్టే. కాబట్టి మళ్లీ అంచుదాకా పోయించాలి. ఇదీ ఆయన వాదన. చిన్నమ్మాయి అడ్డు చెప్పబోయింది గాని, అప్పటికే కుటుంబం రంగంలోకి దిగిపోయింది.

ఆ దృశ్యాన్ని ఆమె జన్మలో మరిచిపోలేదు. బంకు కుర్రాడు గొట్టం పెట్టాడు. కాసేపటికి అది టక్కుమని తనంతట తానే ఆగింది. లోకంలో అందరూ అక్కడితో ఊరుకుంటారు. మాస్టారి ఇంట్లో అసలు పని అక్కడే మొదలవుతుంది. భార్య కారుకు ఎడమవైపు, బావమరిది కుడివైపు నిలబడి ఊయలలా ఊపడం మొదలుపెట్టారు. మాస్టారు ఒకటి, రెండు అంటూ లెక్కపెడుతున్నారు. అత్తగారు ట్యాంకు మూతి దగ్గర వంగి, ఒక కన్ను మూసి లోపలికి చూస్తూ, మారాం చేసే పిల్లాడికి అన్నం పెట్టినంత ఓపికగా చెబుతోంది.

"ఇంకొక్క గుక్క పడుతుంది. పొయ్యి నాయనా. ఇంకొక్క గుక్క."

సరిగ్గా అప్పుడే పెద్దల్లుడు పంపిన క్రేను వచ్చింది. మాస్టారి మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్లనుంచో ట్యాంకులో ఒక మూల ఒక బుడగ ఆయనకు చిక్కకుండా తప్పించుకు తిరుగుతోందట. ఆయన క్రేను డ్రైవరుతో ఏదో మాట్లాడారు. డ్రైవరు ఆయన పాత శిష్యుడే. ఎందుకు అని అడగడం ఆ తరగతిలో ఎవరికీ అలవాటు లేదు. మరుక్షణం కారు వెనక కుడి చక్రం నేల విడిచి గాల్లోకి లేచింది. ట్యాంకులోంచి బుడుంగుమని ఒక చప్పుడు. జనం హోరెత్తారు. అత్తగారు చేయి ఊపింది. ఇంకో రెండు గుక్కలు పడ్డాయి.

చక్రం నేల మీదికి దింపి తాళం తిప్పితే బండి చచ్చినట్టు పడి ఉంది.

చిన్నమ్మాయి మాత్రం నవ్వడం మొదలుపెట్టింది. నెల రోజుల తరువాత మొదటి నవ్వు అది. సెన్సర్లు మొదటి నుంచీ నిజమే చెప్పాయి. పెట్రోలు ఎక్కువవుతోందని అవి మొత్తుకుంటుంటే, తాను నిజం చెప్పినవాళ్లనే ఒకరి తరువాత ఒకరిని పీకి పారేసింది.

"మాస్టారూ, ఇలా ఎన్నాళ్లనుంచి పోయిస్తున్నారు?"

"కొన్న రోజు నుంచి. అంచు నుంచి అంచుకు కొలిస్తేనే అది మైలేజీ. బుడగ ఉందంటే లెక్కలో అబద్ధం ఉన్నట్టే. నా శిష్యులందరికీ ఇదే నేర్పించాను."

ఆమె నెమ్మదిగా విప్పి చెప్పింది. ట్యాంకులో పైన కొంచెం చోటు ఖాళీగా వదిలేది పెట్రోలు ఆవిరి కోసం. ఆ ఆవిరి ఒక గొట్టం గుండా వెళ్లి బండి కింద ఉన్న బొగ్గుల డబ్బాలో దాక్కుంటుంది. ఇంజను నడిచేటప్పుడు దాన్ని అక్కణ్నుంచి కొంచెం కొంచెంగా పీల్చుకుంటుంది. అంచు దాటించి పోస్తే, ఆవిరి వెళ్లే దారిలో పెట్రోలే వెళ్తుంది. నాలుగేళ్లుగా నానీ నానీ ఆ బొగ్గులు ఇక పట్టలేమంటున్నాయి. ఇంజను ఆవిరి అనుకుని పీలుస్తోంది, పెట్రోలు మింగి ఉక్కిరిబిక్కిరవుతోంది.

మాస్టారు అంతా విన్నారు. విని, జనం వైపు తిరిగారు.

"కార్లో బొగ్గులేమిటమ్మా, ఇదేమైనా రైలింజనా?"

జనం విరగబడి నవ్వారు. టైరును తన్నినాయన అందరికన్నా ఎక్కువసేపు నవ్వాడు. చిన్నమ్మాయికి అర్థమైంది, ఈ మనిషిని నోటితో గెలవడం ఆ దేవుడి తరం కూడా కాదు. అందుకని ఒక్కటే అడిగింది.

"మీ నోటుబుక్కులో ఇంకో గడి గీయండి మాస్టారూ. బండి ఆగిన రోజుల పక్కన టిక్కు పెట్టండి. అంతే."

మాస్టారికి గడి గీయమంటే కాదనడం చేతకాదు. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశారు. ముప్ఫై ఆరేళ్లు పక్కవాళ్ల తప్పుల మీదే పరుగెత్తిన పెన్సిలు అది. మొదటి టిక్కు పడింది, ట్యాంకు నింపిన రోజు. రెండోది, నింపిన రోజు. మూడోది, అదే. పెద్దల్లుడు ట్యాంకు కడిగించిన చోట ఎనిమిది రోజులు ఖాళీ. లెక్క తెగిపోయిందని అలిగి, ఆ నాలుగు లీటర్లు పూర్తిగా అయ్యేదాకా బంకు గడప తొక్కనని ఆయన భీష్మించుకున్న రోజులవి. తొమ్మిదో రోజు నింపారు. టిక్కు.

పెన్సిలు ఆగిపోయింది. జనం నవ్వు ఒక్కొక్కటే రాలిపోయింది. భార్య మాత్రం ఆయన భుజం మీదుగా పేజీలోకి తొంగి చూసి, ఇంటికెళ్లాక పనికొస్తుందన్నట్టు మనసులో రాసుకుంది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, పేజీ మొదటి నుంచి చూసుకున్నారు.

"మైలేజీ మాత్రం సరిగ్గానే కొలిచాను" అన్నారు చివరికి. "బండే నడవలేదు. సరిచెయ్యమ్మా."

చిన్నమ్మాయి అందరి చేతా కారును బంకు బయటి ఖాళీ స్థలంలోకి తోయించింది. బావమరిదిని స్కూటరు మీద విడిభాగాల దుకాణానికి తరిమింది. ఇక బండి కిందికి వెళ్లాలి. వెళ్లాలంటే బండి పైకి లేవాలి. బావ ప్రేమగా పంపిన క్రేను ఖాళీగా నిలబడి ఉంది. దానిచేత వెనక భాగం ఎత్తించి, చక్రాల కింద దిమ్మలు పెట్టించి కిందికి దూరింది. ట్యాంకులోంచి గొట్టంతో ఐదు లీటర్లు బయటికి తీయించింది. ఆ తరువాత నల్లటి డబ్బా ఒకటి విప్పి బయటికి తెచ్చి, బకెట్టులోకి వంచింది. ఆవిరి ఉండాల్సిన డబ్బాలోంచి చెంబెడు పెట్రోలు, దాని వెనకే తడిబొగ్గు బురద కారాయి.

అత్తగారు బకెట్టులోకి చూసి, తాను ఇంత పెట్టినా వంటికి పట్టనిది ఇందుకా అంది.

కొత్త డబ్బా బిగించాక తాళం తిప్పితే, బండి ఏమీ జరగనట్టు, ఇన్నాళ్లూ వేరే ఊళ్లో ఉండి వచ్చినట్టు అందుకుంది. పసుపు దీపం ఆరింది. మాస్టారికి ఆమె ఒకే ఒక్క నియమం పెట్టింది: గొట్టం మొదటిసారి టక్కుమనగానే మూత బిగించాలి. ఆయన తలూపి, పొడిగా నమస్కారం చేసి, కుటుంబంతో సహా ఏదో అర్జెంటు పని ఉందన్నట్టు వెళ్లిపోయారు. క్రేను డ్రైవరు పెద్దల్లుడికి ఫోను చేసి, ఖాళీగానే వస్తున్నానని చెప్పాడు.

మధ్యాహ్నమంతా షెడ్డులో చిన్నమ్మాయి ఒకే స్పానరును నాలుగుసార్లు తుడిచింది. పెద్దల్లుడు బల్ల మీద కూర్చుని గడియారాన్నీ గుమ్మాన్నీ వంతులవారీగా చూశాడు. షట్టరు దించడానికి పది నిమిషాలుందనగా మేస్త్రి తాళాల గుత్తి చేతిలోకి తీసుకున్నాడు. అంతలో ఆయన తల ఒక పక్కకు వంగింది.

"వస్తోంది" అన్నాడు.

చిన్నమ్మాయి చేతిలోంచి స్పానరు జారింది. పెద్దల్లుడు లేచి నిలబడ్డాడు. వీధి ఇంకా ఖాళీగానే ఉంది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు.

"మాస్టారి బండే. దానికి ఏ రోగమూ లేదు." తల ఇంకొంచెం వంచి కళ్లు తెరిచాడు. "వెనకాల వస్తున్న వాటికుంది."

మలుపు తిరిగి మాస్టారి కారు వచ్చింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. కొన్ని దగ్గుతూ, కొన్ని పొగ కక్కుతూ, రెండు తాళ్లు కట్టించుకుని. లెక్కపెడితే పదకొండు. మాస్టారు దిగి, ఎర్ర పెన్సిలు చెవి మీద పెట్టుకుని వరుస వెంట నడుస్తూ, రోలు నంబర్లు పిలిచినట్టు పిలుస్తున్నారు. జరిగింది ఇదీ. కారు కొన్న ప్రతి శిష్యుడికీ ఆయన ఈ అంచు లెక్క నేర్పి పంపించారు. ఊరి నిండా సెన్సర్లు మార్చించుకుంటూ అల్లాడుతున్న బండ్లన్నీ ఆయన తరగతివే. తప్పు పాఠం చెప్పి ఊరుకునే మనిషి కాదు కనుక, మధ్యాహ్నం నుంచి ఇంటింటికీ తిరిగి ఆ లెక్క కొట్టేయమని చెప్పి, అందరినీ వెంటబెట్టుకు వచ్చారు. దారిలో తన ట్యాంకు నింపించారట, మొదటి టక్కు దగ్గరే ఆపించారట. బండి తొలి తిప్పుకే అందుకుందట. అత్తగారు మాత్రం ఆ దుఃఖంలోంచి ఇంకా తేరుకోలేదట.

"మాట మాటే మావయ్యా" అన్నాడు పెద్దల్లుడు. "బండి గుమ్మం ఎక్కింది."

నిజమే. మాస్టారి కారు ముందు చక్రాలు రెండూ గుమ్మం లోపలే ఉన్నాయి. చిన్నమ్మాయి తండ్రి వైపు చూసింది. మేస్త్రి వరుస చివరి దాకా చూపు సారించి, అక్కడే ఆగిపోయాడు. పదకొండో బండి పెద్దల్లుడిది. స్టీరింగు ముందు ఆయన భార్యే ఉంది. అద్దం దించి చెల్లెలికి వినబడేలా చెప్పింది.

"ఈయన కూడా మాస్టారి దగ్గరే చదివారే. నెల నుంచి ఆగుతోంది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, ఇంటి దగ్గర ట్యాంకు కడుగుతున్నారు."

పెద్దల్లుడు టేపు జేబులో వేసుకుని, గోడకున్న పాత క్యాలెండరును చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. మేస్త్రి తాళాల గుత్తిని కూతురి అరచేతిలో పెట్టి, నాలుగు వేళ్లూ తానే మూశాడు.

"ఆ బండి తిరిగి రాలేదమ్మా. ఊరిని తోడుకొచ్చింది."

షెడ్డు చేతికొచ్చిన మొదటి నిమిషంలో ఆమె చేసిన పని, రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ ఆ బండ్లను ఓ పక్కకు సర్దమని మాజీ యజమాని అయిన తండ్రిని బయటికి పంపడం.